సొంత పుస్తకం ఫోన్‌లోకి ఎక్కించొచ్చా?

షోలాపూర్‌లో మనవాళ్లు చాలామంది నన్ను ఈ మాట అడుగుతున్నరు. తాతలు ఊరి నుంచి తెచ్చుకున్న తెలుగు పుస్తకాలు ట్రంకుపెట్టెల్లో చెమ్మకు, చెదలకు పోతున్నయి. ఫొటోలు తీసి దాచుకుందామంటే కేసు అవుతదేమోనని భయం. పిల్లలు చదివేది మరాఠీ బడిలో. ఈ పుస్తకాలు కూడా పోతే ఇంట్లో తెలుగు అక్షరమే కనబడదు. అందుకే ఈ నెల ఇదే రాస్తున్న.

1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత చదువు కోసం న్యాయంగా వాడుకోవడానికి వీలిచ్చింది. ఇన్ని పేజీలే అని లెక్క మాత్రం అందులో లేదు. మనం కొన్న పుస్తకం పాడైపోకుండా, మన చదువుకే ఒక ప్రతి తీసి పెట్టుకుంటే భయపడేదేం లేదని నేననుకుంటా.

ఆ ఫైలును బస్తీ వాట్సాప్ గ్రూపులో వేస్తే మాత్రం లెక్క వేరు. పుస్తకం పక్కింటికి ఇస్తే మన దగ్గర ఉండదు. ఫైలు పంపితే ఒకటి వంద అయితది. మనం కొన్నది పుస్తకాన్ని, రచయిత హక్కును కాదు. చెమటోడ్చి నేసిన బట్టకు కూలి అడిగే మనం, రాసినవాళ్ల కూలి కూడా గుర్తించాలె కదా!

ఆ హక్కు రచయిత బతికున్నంత కాలం, పోయిన ఏడాది దాటినంక ఇంకో 60 ఏండ్లు ఉంటది. గురజాడ 1915లో పోయారు. ఆయన రాసినవి ఇప్పుడు అందరివీ. శ్రీశ్రీ 1983లో పోయారు. ఆయన పుస్తకాలకు 2043 చివరిదాకా హక్కు ఉన్నది. పాత పుస్తకమైనా, ఈమధ్య ఎవరన్నా ముందుమాట రాస్తే దాని హక్కు వేరే.

లాభం చూసుకోని ప్రజా గ్రంథాలయాలకు 2012 సవరణ ఇంకో వీలిచ్చింది. తమ దగ్గర అచ్చు ప్రతి ఉన్న పుస్తకాన్ని భద్రపరచడానికి కంప్యూటర్‌లో దాచుకోవచ్చు. బస్తీలో అట్లాంటి లైబ్రరీ నడిపే పెద్దలు దీన్ని పట్టించుకోవాలె.

ఇక పని సంగతి. పగటిపూట కిటికీ పక్కన కూర్చోండి, ఫ్లాష్ వద్దు. పాత పుస్తకాన్ని పూర్తిగా వెనక్కి విరవకండి, అట్టల కింద చెరో దిండు పెట్టండి. రచయిత పేరు, అచ్చయిన ఏడాది ఉన్న పేజీలు ముందు తీయండి, హక్కు లెక్కకు అవే ఆధారం. అన్నీ అయినంక పేజీలు వరుసగా ఉన్నయా చూసి, పెన్‌డ్రైవ్‌లో ఇంకో ప్రతి పెట్టుకోండి. ఫోన్ ఎప్పుడు పోతదో ఎవరికి తెలుసు?

ఫొటోలు తీసినమని పుస్తకాన్ని మాత్రం పాత పేపర్లోనికి వెయ్యకండి. ఇంటి పిల్లలు ముందు దాని మీదనే వేలు పెట్టి అక్షరాలు నేర్చుకోవాలె.