గడువు దాటాక తెలిసిన దారి

కడపలో మా మొహల్లా మస్జిదు పక్కన ఒక చిన్న గది ఉంది. ఉద్యోగ విరమణ చేసిన నాటి నుంచి సాయంత్రాలు అక్కడ కూర్చుని పిల్లల దరఖాస్తులు నింపుతున్నాను. జీవితమంతా ప్రభుత్వ గుమాస్తాగా ధ్రువపత్రాల దస్త్రాల మధ్య గడిపినవాణ్ణి కనుక నాకు చేతనైన సేవ ఇదే.

రెండేళ్ల క్రితం పదో తరగతి ఫలితాలు వెలువడిన వారంలో ఒక అమ్మాయి తండ్రితో కలిసి వచ్చింది. ఉర్దూ మాధ్యమంలో చదివి మంచి మార్కులు తెచ్చుకుంది. తండ్రి ఆటో నడుపుతాడు. ‘చాచా, నేను పాలిటెక్నిక్‌లో చేరాలి, ఫారం నింపండి’ అన్నది. పాలిసెట్ దరఖాస్తు గడువు అప్పటికే ముగిసింది. ఇటీవలి సంవత్సరాలలో ఈ పరీక్షకు దరఖాస్తులు పదో తరగతి ఫలితాలకు ముందే స్వీకరిస్తున్నారు. ఫలితాలు వచ్చాక చూద్దాంలే అనుకున్నవారికి ఆ తలుపు మూసుకుపోయినట్టే. ఆ సంగతి ఆమెకు బడిలో ఎవరూ చెప్పలేదు. ఎంపీసీలో చేర్పించమని తండ్రికి నచ్చజెప్పాను. ‘దగ్గరి కాలేజీలో సీఈసీ ఉంది భాయ్‌సాబ్, నడిచి వెళ్లి వస్తుంది’ అన్నాడాయన. సీఈసీలో చేరితే ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష రాసే అర్హత ఉండదన్న విషయం అర్థమయ్యేసరికి కళాశాలలో డబ్బు కట్టేశారు.

ఇందులో ఉపాధ్యాయుల తప్పు ఎంత? పాఠాలు చెప్పాలి, హాజరు యాప్‌లో నింపాలి, మధ్యాహ్న భోజనం లెక్క చూడాలి. పిల్లల భవిష్యత్తు గురించి విడిగా మాట్లాడే మనిషి బడిలో ఉండాలన్న ఆలోచనే మన వ్యవస్థకు లేదు. పెద్ద ఫీజులు కట్టగలిగిన వారి బడులలో ఆ పనికి కెరీర్ కౌన్సిలర్ ఉంటాడు. అమెరికాలోనైతే 250 మంది విద్యార్థులకు ఒక కౌన్సిలర్ ఉండాలని అక్కడి స్కూలు కౌన్సిలర్ల సంఘం సిఫారసు చేస్తుంది. అక్కడ కూడా చాలాచోట్ల అది అమలు కావడం లేదు, అది వేరే విషయం. మన ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో, ముఖ్యంగా ఉర్దూ మాధ్యమ పాఠశాలల్లో, అటువంటి ఉద్యోగి నాకు ఇంతవరకు తారసపడలేదు.

ఈ లోటు అందరికీ ఉన్నదే అయినా మన పిల్లలకు మరింత బరువు. 2007 నాటి చట్టంతో ముస్లింలలో 14 వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. దూదేకుల, నూర్‌బాషాలు బీసీ-బిలో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటివారు బీసీ-ఈ జాబితాలో లేరు. ‘మాకేమీ రాదు’ అని వారిలో చాలామంది వెనుదిరుగుతారు. 2019 రాజ్యాంగ సవరణతో వచ్చిన ఈడబ్ల్యూఎస్ 10 శాతం కోటాకు, ఆదాయం పరిమితిలో ఉంటే, వారూ అర్హులే.

ఒక మాట దాచకుండా చెప్పాలి. నా ఉద్యోగం చివరి రోజులలో ఒక సయ్యద్ తండ్రి బీసీ-ఈ పత్రం కోసం నా బల్ల ముందు నిలబడ్డాడు. ‘మీ వర్గం జాబితాలో లేదు’ అని పంపేశాను. ఇంకో పత్రం ఉందని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అడిగినదానికే జవాబివ్వడం గుమాస్తా పని. అడగడం తెలియనివాడికి తానే పిలిచి చెప్పడం కౌన్సిలర్ పని. ఆ తేడా నాకు ఈ గదిలోకి వచ్చాకే తెలిసింది.

అసలు అడ్డంకి పేదరికం, సమాచారం కాదు అని కొందరు మిత్రులు వాదిస్తారు. పేదరికం నిజమే, మన సముదాయం చదువులో ఎంత వెనుకబడిందో 2006లోనే సచార్ కమిటీ చెప్పింది. కాని మన జిల్లాలోని ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో ప్రవేశానికి పదో తరగతి మార్కులే ఆధారం. కడపలోనే మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం పాలిటెక్నిక్ ఉంది. ఈ రెండు పేర్లూ వినని తల్లిదండ్రులు నా దగ్గరకు ఏటా వస్తున్నారు. పైగా 1 నుంచి 8 తరగతుల మైనారిటీ ఉపకారవేతనాలను, మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022లో నిలిపివేసింది. ఉన్న సాయమే తగ్గిపోతున్నప్పుడు మిగిలినదాన్నైనా గడువులోగా అందుకోవాలి కదా.

ఆడపిల్లను దూరం పంపరన్న మాట కూడా సగమే నిజం. హాస్టలులో ఎవరుంటారు, ఎంత ఖర్చవుతుంది, సెలవులకు ఇంటికి ఎలా వస్తుంది అని విడమరచి చెప్పినప్పుడు మెత్తబడిన తండ్రులను చాలామందిని చూశాను. అయితే ఆ మాట ఇంటికి వెళ్లి తల్లితో ఆమె భాషలో చెప్పాలి. ఫ్లెక్సీలు కట్టి ఒక పూట జరిపే కెరీర్ మేళాతో అది అయ్యే పని కాదు.

అందుకే నా కోరిక సూటిగా చెబుతున్నాను. నాలుగైదు ఉన్నత పాఠశాలలకు కలిపి ఒక శాశ్వత కౌన్సిలర్ పోస్టు మంజూరు చేయాలి. తొమ్మిదో తరగతి నుంచే ఆ వ్యక్తి పిల్లలతో మాట్లాడాలి. ఉర్దూ బడులున్నచోట ఉర్దూ వచ్చినవారినే నియమించాలి. నా వంటి విశ్రాంత ఉద్యోగుల సేవను చూపి ప్రభుత్వం ఈ బాధ్యత నుంచి తప్పుకోకూడదు. నిబంధనలు ఏటా మారుతున్నాయి, నాకు తెలిసినవి పాతబడుతున్నాయి, కళ్లూ సహకరించడం లేదు.

ఆ అమ్మాయి మొన్న మళ్లీ వచ్చింది. ఈసారి తొమ్మిదో తరగతి చదువుతున్న తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చి, ‘చాచా, వీడికి ఇప్పుడే చెప్పండి’ అన్నది. వాడి కాగితాలు చూశాను. బడి రికార్డులో పేరు ఒకలా ఉంది, ఆధార్‌లో ఇంకోలా ఉంది. ముందు ఆ పేరు సరిచేయించే దరఖాస్తు రాయడానికి కూర్చున్నాం.