రోగనిరోధక లోపాల పరిశోధనకు ఎలుక ఒక్కటే చాలదు

పుట్టుకతో వచ్చే తీవ్ర సంయుక్త రోగనిరోధక లోపం అనగానే పరిశోధకుల దృష్టి ఎలుక మీదికి పోతుంది. 1983లో ఈ లోపంగల చిట్టెలుక వెలుగులోకి వచ్చింది. అయితే అంతకు పదేళ్ల ముందే, 1973లో, అరేబియా జాతి గుర్రపు పిల్లలలో ఇదే లోపాన్ని పశువైద్యులు వర్ణించారు. ఆ గుర్రపు పిల్లకు పరిశోధనలో తగిన స్థానం దక్కలేదు.

ఆ పిల్ల పుట్టినప్పుడు ఆరోగ్యంగానే ఉంటుంది. జున్నుపాల ద్వారా తల్లి నుండి అందిన ప్రతిరక్షకాలు కొన్ని వారాలు కాపాడతాయి. అవి తరిగేకొద్దీ అడినోవైరస్ న్యుమోనియా, విరేచనాలు సోకి, సాధారణంగా అయిదు నెలల లోపే మరణిస్తుంది. రెండు జాతులలోను లోపం ఒకే ఎంజైముది: డి.ఎన్.ఏ. ఆధారిత ప్రొటీన్ కైనేజ్. లింఫోసైట్లు ఎదిగే దశలో ప్రతిరక్షక జన్యుఖండాలు తెగి, మళ్లీ అతుక్కోవాలి. ఆ తెగిన కొనలను కలపడానికి ఈ ఎంజైము అవసరం.

ఎంజైము ఒకటే అయినా ఫలితం ఒకటి కాదు. ఎలుకలో ప్రొటీను చివరి కొస మాత్రమే తెగిపోయింది. వయసు పెరిగేకొద్దీ దానిలో కొద్దిపాటి లింఫోసైట్లు తయారవుతాయి. గుర్రంలో అయిదు న్యూక్లియోటైడ్లు లోపించడం వలన ఎంజైము క్రియ పూర్తిగా పోయిందని 1997లో తేలింది. గుర్రపు కణాలలో జన్యుఖండాల అతుకులు రెండు రకాలూ దెబ్బతినగా, ఎలుకలో ఒక రకం దాదాపు మామూలుగానే సాగుతుంది. ఎంజైమును పూర్తిగా తొలగించిన ఎలుకలలోనూ అంతే. కనుక తేడా ఉత్పరివర్తనది మాత్రమే కాదు, జాతిది కూడా. ఎలుకను మాత్రమే చూసినవారికి ఈ సంగతి తెలిసే వీలు లేదు.

అడినోసిన్ డీఅమినేజ్ విషయమూ ఇటువంటిదే. ఈ ఎంజైము లేని శిశువులను అంటురోగాలు బలిగొంటాయి. ఎలుక పిల్లలు మాత్రం నిరోధక లోపం బయటపడక ముందే, కాలేయం చెడి, పుట్టుక సమయంలోనే చనిపోయాయి. జరాయువులో ఎంజైమును సమకూర్చి బ్రతికించాక గాని వాటిపై అధ్యయనం సాగలేదు. (ఈ వ్యాధికి 1990లో అమెరికాలో ఆమోదం పొందిన తొలి ఎంజైము మందును పశువుల పేగు నుండి తీశారన్నది గమనార్హం.)

ఎలుకను విడిచిపెట్టాలని ఎవరూ అనరు. జన్యుమార్పులకు అంత సులువైన జంతువు లేదు. కాని ప్రకృతి సిద్ధంగా వ్యాధి కనిపించే పెంపుడు జంతువు పశువైద్య కళాశాల వాకిట్లోనే ఉంటుంది. జున్నుపాలు సక్రమంగా తాగిన పిల్ల పదేపదే న్యుమోనియాతో కుంగి చనిపోతే, నేడు క్షేత్రస్థాయిలో చాలా సందర్భాలలో అది మామూలు నష్టంగా పోతోంది. లింఫోసైట్ల లెక్క, శవపరీక్షలో తైమస్ నమూనా, తల్లిదండ్రుల వంశావళి: ఈ మూడింటిని భద్రపరచడం విస్తరణ శాస్త్రవేత్తల పనిలో భాగం కావాలి.