రెండున్నర కిలోల లెక్క

"ఏందన్నా, ఆడపిల్ల బరువులెత్తితే పొడుగు పెరగదంట కదా!"

మార్కాపురంలో మా పక్కింటాయన అనుమానమిది. ఏడో తరగతి చదివే వాళ్లమ్మాయి వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టి కూర్చుంది. పలకల రాళ్లు మోసి మోసి నడుములు పట్టేసినవాళ్లను చూస్తూ పెరిగిన ఊరు మాది. ఆయన భయాన్ని కొట్టిపారెయ్యలేం. వయసుకు తగ్గ బరువుతో, కోచ్ కళ్లముందు చేస్తే ఎదుగుదల ఆగిపోతుందనడానికి ఆధారాల్లేవని పిల్లల డాక్టర్లు చెబుతున్నారు. ఆ కోచ్ ఎవరన్నదే అసలు ప్రశ్న.

కరణం మల్లీశ్వరి కథ ఎత్తాను. "ఆమె తెలీనోళ్లెవరు?" అన్నాడు. మరి నీలంశెట్టి అప్పన్న తెలుసా అంటే దిక్కులు చూశాడు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలో మల్లీశ్వరికి ఓనమాలు దిద్దించిన గురువాయన. ఆ వూసవానిపేట అమ్మాయి 1994, 1995లో ప్రపంచ విజేత అయింది.

2000 సెప్టెంబరు 19, సిడ్నీ ఒలింపిక్స్, 69 కిలోల విభాగం. స్నాచ్ అంటే బార్‌ను ఒక్క ఊపులో తలపైకి లేపాలి. అందులో మల్లీశ్వరి 110 కిలోలు ఎత్తింది. క్లీన్ అండ్ జెర్క్‌లో ముందు భుజాల మీదికి, తర్వాత పైకి. అక్కడ 130. మొత్తం 240. చేతిలో ఇంకొక్క ప్రయత్నముంది. చైనా, హంగరీ అమ్మాయిలిద్దరూ 242.5 దగ్గర ఆగారు. అప్పట్లో బరువును రెండున్నర కిలోల చొప్పునే పెంచేవారు (కిలో చొప్పున పెంచే నిబంధన 2005లో వచ్చింది). 132.5 ఎత్తితే వాళ్లతో సమానం, 135 ఎత్తితే అందరికంటే పైన. బార్ మీద వేయించింది మాత్రం 137.5. అది లేవలేదు.

కాంస్యమే దక్కింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా ఆమె పేరు నిలిచింది. సంబరాల్లో ఆ రెండున్నర కిలోల సంగతి ఎవరికీ పట్టలేదు. నాకైతే ఇప్పటికీ కలుక్కుమంటుంది. ఎత్తేది క్రీడాకారిణే అయినా, ఎంత ఎత్తాలో లెక్కకట్టడం శిక్షణ బృందం పని కదా!

తోటి లిఫ్టర్ రాజేశ్ త్యాగిని 1997లో పెళ్లాడిన మల్లీశ్వరి హర్యానా కోడలైంది. అక్కడి యమునానగర్‌లో అకాడమీ పెట్టి పిల్లలకు నేర్పింది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్స్‌లర్ అయింది. ఆమె విద్య హర్యానా పిల్లలకు అందిందని సంతోషమే. మన పిల్లలకు అంత దగ్గరగా అందలేదే అన్న చింత కూడా ఉంది, దాచుకోవడమెందుకు?

పక్కింటాయనకు ఒకటే చెప్పాను. కోచ్ దగ్గరికెళితే గోడమీది కప్పులు చూడొద్దు. మొదటి నెల ఏం చేయిస్తారో అడుగు. పోటీల్లో ఆడపిల్లలు వాడే బారే 15 కిలోలుంటుంది. అంతకంటే ముందు ఉత్త కర్రతో భంగిమ దిద్దాలి. బార్ చేజారితే ఒంటిమీద పడకుండా ఎలా వదిలెయ్యాలో నేర్పాలి. తొలిరోజే పళ్లేలు తగిలించేవాడైతే దండం పెట్టి వచ్చెయ్.

"అప్పన్న లాంటోళ్లు మన దగ్గర ఎవరున్నారన్నా?" అన్నాడు.

వచ్చే ఆదివారం ఇద్దరం ఒంగోలు వెళ్లి వాకబు చేద్దామనుకున్నాం. ఆ పిల్ల అప్పటికే వసారాలో బూజుకర్ర నెత్తిమీద పట్టుకుని గుంజీలు తీస్తోంది.