మళ్ళీ కత్తి పట్టినాము

ఆఫీసులో లెడ్జరు రాసుకొనే గుమాస్తాకు కత్తులు చేసే పని ఏమిటని నవ్వేవారిపై మాకు కోపం లేదు. నలభై దాటిన తరువాత కొందరు చదరంగం పట్టుకొంటారు, కొందరు భజన పట్టుకొంటారు. మేము ఆకురాయి పట్టుకొన్నాము. తిరిగి పట్టుకొన్నాము అనుట న్యాయం. మెట్రిక్యులేషన్ చదివే రోజుల్లో మా సెలవులన్నీ వీధి చివరి కొలిమి దగ్గరే గడిచినవి. ఆచారిగారికి బొగ్గులు అందించి, గాలిచక్రం త్రిప్పి, అందుకు కూలిగా ఒక ఇనుపముక్కను సాగగొట్టుకొనే వరం సంపాదించినాము. ఆపైన ఉద్యోగం, సంసారం, పిల్లల ఫీజులు. ఇరవై యేళ్ళకు పైగా సుత్తి ముట్టలేదు.

మా పొదటూరుపేట నేతవారి ఊరు. చేతిమగ్గం ఉన్నచోట మరమగ్గం కూర్చున్న ఇళ్ళు మన చదువరులకు తెలియనివి కావు. చేతిపని ఎట్లు పోతుందో వారికి మేము చెప్పనక్కర లేదు. మొదట దానికి గిరాకీ పోతుంది, తరువాత చేసేవారు పోతారు, చివరకు పనిముట్ల పేర్లు కూడ పోతాయి. దాగలి, పట్టకారు, సమ్మెట అంటే ఏవో నేడు మన పిల్లలను అడిగి చూడండి.

పోయిన పనిని మరల తెచ్చుకొనుట ఎంత కష్టమో తెలిపే కథ మన తెలుగునాటనే ఉన్నది. నిజామాబాదు జిల్లాలో కోనసముద్రం అనే ఊరు గలదు. అక్కడి కమ్మరులు మూసలలో ఇనుమును కరగించి ఉక్కు ముద్దలు చేసేవారు. దానిని కొనుటకు పారశీక దేశపు వర్తకులు అంత దూరం నుండి వచ్చేవారని, వాయిసీ అనే దొర చూచి వ్రాసినది 1832లో అచ్చయినది. మన ‘ఉక్కు’ అనే మాటే దొరల నోట ‘ఊట్జ్’ అయినదని పండితులంటారు. మన చుట్టూ ఉన్న తమిళులు ‘ఉరుక్కు’ అంటారు. కరగించుట అనే మాట కూడ వారికి అదే. డమాస్కస్ కత్తులని లోకమంతా పేరు పొందిన నీటిచారల కత్తులు ఇట్టి ఉక్కుతో చేసినవే. లండనులో స్టోడార్ట్ అనే కత్తుల పనివాడు, కమ్మరి కొడుకైన ఫారడే కలిసి ఈ ఉక్కును పరీక్షించినారు. ఫారడే వ్యాసం 1819 నాటిది.

తరువాత ఆ మూసలు చల్లారినవి. చేసే చేతులు పోయినవి. దాదాపు నూట యేభై యేళ్ళకు అమెరికాలో పెండ్రే అనే కమ్మరి, వెర్హోవెన్ అనే లోహశాస్త్ర ఆచార్యుడు కూడబలుక్కొని, ఏళ్ళ తరబడి ముద్ద వెనుక ముద్ద కరగించి, చారలు తిరిగి రప్పించినారు. ముడి ఖనిజంలో లేశమాత్రం ఉండే వెనేడియం వంటి ధాతువులే అందులో కీలకమని 1998లో ప్రకటించినారు. ఒక కోనసముద్రపు కమ్మరి కొడుకు తండ్రి ప్రక్కన నిలిచి నేర్చుకొని ఉండదగిన పనికి, ఇందరు ఇంత శ్రమ పడవలసి వచ్చినది గదా!

మా పని అంత గొప్పది కాదు. మాకు దొరికేది పాత లారీల కమాను పట్టీ. కోనసముద్రపు ఉక్కులో నూటికి ఒకటిన్నర పాళ్ళు కర్బనం ఉంటే, ఇందులో అరపాలుకు కొంచెం పైన. వంటింటి కత్తికి చాలును. కాని బాగా అరిగిన పట్టీలో కంటికి కనబడని బీటలుంటాయి, చూచి తీసుకోవలెను.

తిరిగి మొదలుపెట్టేవారు నాలుగంగుళాల చిన్న కత్తితో మొదలుపెట్టుట మేలు. కన్ను మరువదు గాని భుజం మరచిపోతుంది. రూపం దిద్దిన పిమ్మట ముక్కను ఎర్రగా కాల్చి, అయస్కాంతానికి ఆనించి చూడవలెను. సుమారు 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి లొంగుట మానుతుంది. ఆపైన ఇంకొంచెం కాచి నూనెలో ముంచవలెను. ఈ రకానికి నీళ్ళు పనికిరావు, పగుళ్ళు వస్తాయి. అప్పుడు అది గాజువలె పెళుసు. క్రింద పడితే రెండు ముక్కలు. కనుక పైమసి రుద్ది తెల్లబరచి, 200 డిగ్రీలకు కొంచెం పైన మరల మెల్లగా కాచవలెను. లేత గడ్డి రంగు తిరిగినప్పుడు ఆపితే వాదర నిలుస్తుంది. నీలం దాకా పోనిస్తే స్ప్రింగుకు మంచిది, కత్తికి కాదు. కళ్ళకు అద్దాలు లేక కొలిమి దగ్గర నిలువరాదు. పిల్లలను దూరంగా ఉంచవలెను.

1976లో స్థాపించిన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీవారి పరీక్ష వినదగినది. వ్రేలాడే అంగుళం లావు త్రాడును ఒక్క వేటున తెంపవలెను. రెండంగుళాల కొయ్యను రెండుమార్లు నరకవలెను. తరువాత అదే వాదరతో చేతివెండ్రుకలు గొరగవలెను. చివరకు కత్తిని 90 డిగ్రీలు వంచినా విరుగరాదు. మా ఇంటి పరీక్ష వేరు. శ్రావణమాసపు వంటకు గుమ్మడికాయ తరగవలెను, అంతే. మామిడికాయ కోసి కడగకుండా పెడితే నల్లబడుతుందని మొదట ఇంట్లో విసుగుకొన్నారు. ఇప్పుడు తడి తుడిచి కొబ్బరినూనె రాసి పెట్టేది ఆవిడే.

ఒక హెచ్చరిక. 1959 నాటి ఆయుధాల చట్టం క్రింది నిబంధనలలో, తొమ్మిది అంగుళాలు మించిన పొడవు గాని, రెండంగుళాలు మించిన వెడల్పు గాని గల కత్తులు, ఇంటిపనికి, సేద్యానికి, పరిశ్రమకు చేసినవి కానిచో ఆయుధాలలో చేరుతాయి. సరదాకని కటారులు చేయబోయేవారు ఇది మరువరాదు.

ఇక అసలు సంగతి. మేము ఆదివారం పూట రెండు గంటలు కొలిమి వాడుకొంటాము, బొగ్గు ఖర్చూ కూలీ ఇచ్చి వస్తాము. మా సరదా వలన ఆ కొలిమి నిలువదు. నలుగురూ పని ఇస్తే నిలుస్తుంది. మన ఇళ్ళ అటకల మీద అమ్మమ్మల నాటి కత్తిపీటలు తుప్పు పట్టి పడి ఉన్నవి. కొత్తది కొనే ముందు దానిని దింపి, మీ ఊరి ఆచారి దగ్గరకు తీసుకొని పోండి. వాదర కొట్టించి, సాన పట్టించండి. పోయేటప్పుడు పిల్లవానిని వెంట తీసుకొని పోండి. ఆ అరగంట వాడు నిప్పు రంగులు చూడనీయండి. నేర్చుకొంటాడో లేదో వాని ఇష్టం, చూచుటకు కొలిమి అంటూ ఉండవలెను గదా.