ఆరు రోజులు తాళం వేసి ఉండే మందిరాలు

ఈ మధ్య మాకు వచ్చిన ఉత్తరాల్లో ఒకే ప్రశ్న పదే పదే కనబడుతోంది. "అయ్యగారూ, బియ్యం పంచినా మతమార్పిడే అంటున్నారు. ఇక సేవ మానుకోవడమే మంచిదా?" అడుగుతున్నవారు పిరికివారు కారు, ఏళ్ల తరబడి పరిచర్యలో చేతులు అరగదీసుకున్న సంఘ పెద్దలు.

వారి భయానికి కారణం ఉంది. ప్రలోభపెట్టి మతం మార్చడం మన పొరుగున ఒడిశాలో 1967 నుంచీ నేరం. ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్‌లు 2021లో మరింత కఠినమైన చట్టాలు తెచ్చాయి. రాజ్యాంగం 25వ అధికరణం మత ప్రచార హక్కు ఇచ్చింది గాని, అందులో ఇతరులను మతం మార్చే హక్కు లేదని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. ప్రేమతో పెట్టిన అన్నమేదో, ఎర వేసిన అన్నమేదో మొదట తేల్చేది పోలీస్ స్టేషన్ అయినప్పుడు ఎవరికైనా చెయ్యి వెనక్కి వస్తుంది. దీనికి తోడు, ఒక సంస్థకు వచ్చిన విదేశీ నిధిని మరొక సంస్థకు పంచకూడదని 2020 సవరణ నిషేధించింది. పెద్ద సంస్థల మీద ఆధారపడిన చిన్న సంఘాలకు ఆ దారి మూసుకుపోయింది.

అయితే అనుమానమంతా బయటివారిదే అనుకుంటే మనల్ని మనం మోసగించుకున్నట్టే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మేమూ పులిహోర పొట్లాలతో వెళ్లాము. మా చేతిలో సంఘం పేరున్న బ్యానర్ కూడా ఉంది. ఫొటో కోసం నిలబెడితే ఒక పెద్దావిడ, "ఫొటో తరవాత బాబూ, ముందు పసివాడికి పాలున్నాయా?" అన్నారు. మా దగ్గర పాలు లేవు. బ్యానర్ ఉంది. ఆ మాట మమ్మల్ని ఇంకా వదల్లేదు.

ఈ చిక్కు మన సంఘాలకు కొత్త కాదు. 1876-78 నాటి గొప్ప కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ, సర్వే పని తెలిసినవాడు కావడంతో, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఊరికే గంజి పోయలేదు, పని ఇచ్చి కూలి ఇచ్చాడు. బోధకులే మేస్త్రీలయ్యారు. పని మధ్య విరామాల్లో క్రీస్తును గురించి మాట్లాడుకున్నారు కూడా, దాచిందేమీ లేదు. కాని బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడిగినా, కరువు సాయం సాగినంత కాలం ఇవ్వనన్నాడు. అన్నం కోసం వచ్చారన్న మాట వారిమీద పడకూడదనే. సాయం ముగిశాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకెను మన ప్రసంగాల్లో గర్వంగా చెప్పుకుంటాము. అంతకు ముందు ఆయన నిరాకరించిన నెలల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. మా దృష్టిలో నేటి సంఘానికి కావలసింది ఆ నిరాకరణే.

లూకా 17వ అధ్యాయంలో ప్రభువు పదిమంది కుష్ఠరోగులను బాగుచేస్తే తిరిగి వచ్చింది ఒక్కడే. వెళ్లిపోయిన తొమ్మిదిమంది స్వస్థతను ఆయన వెనక్కి తీసుకున్నాడని ఎక్కడా లేదు. మన లెక్కల పుస్తకంలో ఆ తొమ్మిదిమందికి చోటుందా?

కొత్త మార్గాలంటే పెద్ద నిధులు కానవసరం లేదు. ఉద్దానంలో కిడ్నీ రోగులు వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు డయాలసిస్ మంచం మీద ఉండాలి. వైద్యం ఉచితమైనా, తోడు వెళ్లిన మనిషికి ఆ రోజు కూలి పోతుంది. సంఘంలో పదిమంది వంతులు వేసుకుని తోడు వెళితే ఆ ఇంటికి కూలి మిగులుతుంది. దానికి బ్యానర్ అక్కరలేదు. పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉండి, తాళాలేసుకుని ఒంటరిగా ఉండే వృద్ధులు ఏ మతంలో లేరు? వారికి పెన్షన్ కాగితమో, ఫోన్‌లో వచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పకూడదనో ఓపికగా చెప్పే మనిషి కావాలి. ఇరుకు గదుల్లో చదువుకోలేని పదో తరగతి పిల్లలకు సాయంత్రం ఒక ఫ్యాను, లైటు, నిశ్శబ్దం కావాలి. ఆ మూడూ మన మందిరంలో ఉన్నాయి. ఆదివారం తప్ప మిగతా ఆరు రోజులూ తాళం వేసి ఉంటున్నాయి.

మరి సువార్త చెప్పవద్దా అని కొందరు కోప్పడతారు. చెప్పాలి. మొదటి పేతురు 3:15 అడిగినవారికి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమంటుంది, అదీ సాత్వికముతో. ముందు ఎవరైనా అడగాలనిపించేలా మనం బ్రతకాలి గదా! అడగకపోయినా పనులు ఆగకూడదు. చదువుకోవడానికి వచ్చే పిల్లల తల్లిదండ్రులకు మొదటి రోజే స్పష్టంగా చెప్పండి: ఇక్కడ చదువే, ప్రార్థనకు రమ్మని ఎవరూ బలవంతపెట్టరు. ఆ మాట చట్టానికి భయపడి కాదు, వారి పిల్లలు వారివి కనుక.

వచ్చే కమిటీలో ముందుగా తేల్చవలసినవి రెండు: సాయంత్రం ఆరింటికి తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి, పెరిగే కరెంటు బిల్లు ఏ కానుకలోనుంచి కట్టాలి.