కొనేవాళ్లు దొరికాకే మిషన్ కొనండి

అనంతపురం జిల్లాలో చిన్న వ్యాపారం పెట్టుకోవాలని చూస్తున్న అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు ఈ మాట వెంటనే చేరాలి. వానను నమ్మి శెనక్కాయ వేసి నష్టపోయినవాళ్లు, బోరు ఎండిపోయినవాళ్లు, బెంగళూరు కూలికి పోలేనివాళ్లు ఇంటిపట్టున ఏదో ఒకటి మొదలుపెడదామనుకుంటున్నారు. మంచి ఆలోచనే. కానీ మోసగాళ్లు వెతుక్కుంటూ వచ్చేది కూడా ఆ ఇళ్లకే.

వాళ్ల మాట ఎప్పుడూ ఒకటే. "మిషన్ మేమిస్తాం. ముడిసరుకు మేమిస్తాం. తయారైంది మేమే కొంటాం. మీరు డబ్బు కట్టి పని చేస్తే చాలు." దయచేసి ఈ మాట దగ్గర ఆగండి.

2012లో తమిళనాడు పెరుందురైలో సుసి ఈమూ ఫార్మ్స్ చేతులెత్తేసింది. ఈమూ పక్షి పిల్లల్ని ఇస్తాం, మేపుడు ఖర్చు నెలనెలా ఇస్తాం, పెరిగాక మేమే తీసుకుంటాం అంటే నమ్మి ఎందరో రైతులు లక్షలు కట్టారు. చివరికి వాళ్లకు మిగిలినవి మేత కూడా పెట్టలేని పక్షులు. 2019లో హైదరాబాద్‌లో బయటపడిన మోసం మనకు ఇంకా దగ్గరిది. పల్లీల నూనె తీసే మిషన్ చూపించి, నెలనెలా ఆదాయం ఆశపెట్టి డబ్బు వసూలు చేశారు. అక్కడ ఎర వేసింది మన పంటనే.

ఒక్కసారి లెక్క వేయండి. కిలో గింజలు ఆడిస్తే వచ్చే నూనె 400 గ్రాముల చుట్టుపక్కలే. ఆ నూనె ధరకు చెక్క ధర కలపండి. గింజల ధర, కరెంటు ఖర్చు తీసేయండి. ఎంత మిగిలిందో చూడండి. అంతకు మించి ఇస్తామని ఎవరైనా అంటే, ఆ డబ్బు నూనెలోంచి రాదు. మీ తర్వాత చేరినవాళ్లు కట్టిన సొమ్ములోంచి వస్తుంది. చేరేవాళ్లు తగ్గిన రోజు మీకు రావలసిందీ ఆగిపోతుంది. మొదటి రెండు మూడు నెలలు సక్రమంగా ఇస్తారు. అది చూసే మీరు వదినను, మరదలిని కూడా చేరుస్తారు.

ఈ గుర్తులు కనిపిస్తే తప్పుకోండి. ఈ వారంలోపే కట్టాలని తొందరపెడతారు. ఇంకొకరిని చేరిస్తే కమీషన్ అంటారు. జీఎస్టీ బిల్లు అడిగితే మాట దాటేస్తారు. కంపెనీ ఖాతాకు కాకుండా ఎవరిదో ఫోన్ నంబరుకు డబ్బు వేయమంటారు. రాబోయే తేదీలు వేసిన చెక్కులు చేతిలో పెట్టి ధైర్యం చెబుతారు. సరుకు బయట ఎవరు కొంటున్నారంటే ఒక్క దుకాణం పేరూ చెప్పలేరు.

పొదుపు సంఘం అప్పు తెచ్చి కడదామనుకునే అక్కలు మరీ జాగ్రత్తగా ఉండాలి. మీ కంతు ఆగితే సంఘంలో అందరిమీదా భారం పడుతుంది. డబ్బుతోపాటు ఏళ్ల తరబడి కూడగట్టుకున్న మాట కూడా పోతుంది.

లోన్ ఇప్పిస్తామనే దళారులనూ నమ్మకండి. ముద్రా రుణానికి తాకట్టు అక్కర్లేదు, దళారీ అక్కర్లేదు. నేరుగా బ్యాంకుకే వెళ్లండి. చిన్న వ్యాపారాల నమోదైన ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ఒక్క రూపాయి కూడా కట్టనక్కర్లేదు. సొంత వ్యాపారం పెట్టుకునేవాళ్లకు కేంద్రం ఇచ్చే పీఎంఈజీపీ సబ్సిడీ చేతికి ఇచ్చే డబ్బు కాదు. 3 ఏళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, ఆ తర్వాత మీ అప్పులో జమవుతుంది. సబ్సిడీ సొమ్ము ముందే చేతిలో పెడతామన్నారంటే అది అబద్ధం. అనుమానం ఉంటే అనంతపురంలోని జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోయామని తెలిసిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి ఆలస్యం చేయకండి.

వ్యాపారం మానుకోమని మేం చెప్పడం లేదు. చిన్నగా మొదలుపెట్టండి. పది కిలోల గింజలు ఊరి గానుగలో ఆడించండి. ధర్మవరంలోనో కదిరిలోనో తాడిపత్రిలోనో నాలుగు దుకాణాలకు, తెలిసిన ఇళ్లకు అమ్మి చూడండి. కొన్నవాళ్లే రెండోసారి వచ్చి అడిగితే అప్పుడు మిషన్ గురించి ఆలోచించండి. అప్పటిదాకా పుస్తెలు తాకట్టు పెట్టకండి, పొలం కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వకండి, ఖాళీ కాగితం మీద సంతకం చేయకండి. ఈ మాట చదివినవాళ్లు దయచేసి చదవలేనివాళ్లకు చెప్పండి.