పటంలో చుట్టరికాలు



2002లో నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ తొమ్మిది దేశాల్లో 18 నుంచి 24 ఏళ్ల వయసువాళ్లను ప్రపంచ భూగోళం గురించి 56 ప్రశ్నలు అడిగింది. స్వీడన్ యువత సగటున 40 ప్రశ్నలకు సరైన జవాబు చెప్పింది. జర్మనీ, ఇటలీ 38 దాకా వచ్చాయి. మనం ఉంటున్న అమెరికా 23తో ఆగిపోయింది. దానికంటే వెనకబడింది 21 తెచ్చుకున్న మెక్సికో ఒక్కటే. పటంలో ఇరాక్‌ను చూపగలిగిన అమెరికా యువత నూటికి 13 మందే. మరుసటి ఏడాదే ఈ దేశం ఇరాక్ మీదికి సైన్యాన్ని పంపింది.

ఇది తెలివితేటల తేడా కాదు, అవసరాల తేడా. స్వీడన్‌వాళ్లకు సరిహద్దు దాటగానే ఇంకో భాష ఎదురవుతుంది. పరదేశాలు తిరిగినవాళ్లు, రెండో భాష వచ్చినవాళ్లు మెరుగ్గా జవాబిచ్చారని ఆ సర్వేలోనే తేలింది. అమెరికాలో ఈ తీరం నుంచి ఆ తీరానికి నాలుగు వేల కిలోమీటర్లు పోయినా అదే భాష, అదే డాలరు. బడిలో భూగోళం సోషల్ స్టడీస్‌లో ఓ మూలన సర్దుకుంది. హార్వర్డ్ అయితే 1948లోనే భూగోళ విద్యకు స్వస్తి చెప్పింది.

మన సంగతి చూడండి. ఒకప్పుడు ఉత్తరాంధ్ర పల్లెల్లో పలక పట్టని కూలీలకూ రంగూన్ తెలుసు. పొట్టకూటికి ఓడెక్కి వెళ్లిన ఆ ఊరిని 'రంగం' అని సొంతం చేసుకున్నారు. అక్కడ మనవాళ్లకు కోరంగి రేవు పేరు మీదుగా 'కోరంగీలు' అన్న పేరు స్థిరపడింది. ఇవాళ పల్లెలో ఉన్న అమ్మమ్మ, డాలస్‌లో మనవడు నిద్రలేచే వేళేదో గడియారం చూడకుండానే చెబుతుంది. మనవాళ్లు ఉన్నచోటు ఎవరూ నేర్పకుండానే తెలుస్తుంది.

2012 నుంచి 2019 వరకు అమెరికా బడిపిల్లల భూగోళ పోటీ 'నేషనల్ జియోగ్రాఫిక్ బీ' విజేతలంతా భారతీయ సంతతి పిల్లలే. వారిలో తెలుగు పిల్లలూ ఉన్నారు. ఎంతో గర్వపడ్డాం. కానీ రాజధానుల పేర్లన్నీ వచ్చిన పిల్లవాడికి తాతగారి ఊరు ఏ నది నీళ్లతో పండుతుందో తెలియకపోతే, పక్కింటివాళ్లు ఏ దేశం నుంచి ఎందుకు వచ్చారో తెలియకపోతే, ఆ చదువులో వెలితి ఉన్నట్టే.

అందుకే ఈ సంచిక నడిమి పేజీల్లో ఖాళీ ప్రపంచపటం వేశాం. మొదటి చుక్క మీ పిల్లలతో తాతయ్య ఊరి మీద పెట్టించండి. రెండోది పక్కింటివాళ్ల ఊరి మీద. ఆ ఊరు ఎక్కడో వాళ్లనే అడిగి రమ్మనండి.